ఇల్లు నాదే అనుకున్నాను: వీలునామా రాయకుండా పోయిన ఇళ్లలో ఏం జరుగుతోందో మాట్లాడుకుందాం

కృష్ణాతీరం (విజయవాడ), 2026 జనవరి 11

నమస్కారమండీ. ఇక్కడ నాలుగేళ్లుగా చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇవాళ రాయాలనిపించింది.

మా ఆయన 2022 ఆగస్టులో పోయారు. 47 ఏళ్లు. రాత్రి భోంచేసి పడుకున్న మనిషి తెల్లారి లేవలేదు. అప్పటికి పాపకి 15, బాబుకి 10. మియాపూర్‌లో ఆయన పేరు మీద ఒక ఫ్లాట్, బ్యాంకులో కొంత డిపాజిట్, పీఎఫ్, రెండు పాలసీలు. మా ఆస్తంతా అదే. ఈమాత్రం దానికి వీలునామా రాసుకోవాలని మాకు తట్టనే లేదు. చావు గురించి మాట్లాడితే ఆయనకి కోపం వచ్చేది, నాకు ఏడుపు వచ్చేది. అందుకని ఆ మాటే ఎత్తలేదు.

పాలసీలు, పీఎఫ్ నామినీగా నా పేరు ఉండటంతో నాలుగైదు నెలల్లో వచ్చాయి. 2024లో పాప ఇంజనీరింగ్‌లో చేరేటప్పుడు ఫ్లాట్ అమ్మేసి, ఇక్కడ అమ్మావాళ్లకి దగ్గర్లో చిన్న ఇల్లు చూసుకుందామనుకున్నాను. కొనేవాళ్లు దొరికారు. బయానా ఇచ్చే రోజున వాళ్ల లాయరు గారు కాగితాలు తిరగేసి, "మీ అత్తగారు ఉన్నారా అమ్మా? ఆవిడ సంతకం కావాలి" అన్నారు. భర్త పోతే ఆస్తి భార్యకీ పిల్లలకీ వస్తుందనుకున్నాను. తల్లికి కూడా మాతో సమానంగా వాటా ఉంటుందని అప్పుడే తెలిసింది. నేను, ఇద్దరు పిల్లలు, అత్తయ్య. తలా పావు.

అత్తయ్య చాలా మంచి మనిషి. "నాకెందుకమ్మా, ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతా సంతకం" అన్నారు. ముందు కంటి ఆపరేషన్ అవ్వనీ అనుకున్నాం, తర్వాత సంక్రాంతి వెళ్లనీ అనుకున్నాం. 2025 మార్చిలో ఆవిడా పోయారు. ఇప్పుడు ఆవిడ పావు వాటా మూడు ముక్కలైంది. మస్కట్‌లో ఉన్న బావగారికి ఒకటి, ఆడపడుచుకి ఒకటి, మా ఆయన తరఫున నా పిల్లలిద్దరికీ కలిపి ఒకటి. అంటే మా ఫ్లాట్‌లో బావగారికి పన్నెండో వంతు, ఆడపడుచుకి పన్నెండో వంతు. ఆడపడుచు నాతో ఎప్పటిలాగే ఉంటుంది. వాళ్లాయన మాత్రం "చూద్దాం" అన్నారు. ఆ మాట అని ఏడు నెలలైంది.

ఇది చాలదన్నట్టు బాబు మైనరు. వాడి వాటా నేను అమ్మాలంటే, కన్నతల్లినైనా సరే, ముందు జిల్లా కోర్టు అనుమతి తీసుకోవాలట.

"నా తర్వాత నా ఫ్లాట్ నా భార్యకే" అని ఆయన ఒక తెల్లకాగితం మీద రాసి ఇద్దరి చేత సాక్షి సంతకాలు పెట్టించి ఉంటే ఇవేవీ ఉండేవి కావు. మీ ఇళ్లలో ఏం జరిగింది, ఎవరైనా ముందే రాసుకున్నారా, చెప్పండి. నాలాంటి వాళ్లు ఇంకొకరు ఇలా తిరగకూడదు.

———

చిన్నోడు_కూకట్‌పల్లి

అక్కా, చదువుతుంటేనే టెన్షన్ వచ్చేసింది. పోయిన ఏడాదే పెళ్లయింది నాకు. ఒక డౌట్. బ్యాంకులో, మ్యూచువల్ ఫండ్‌లో అన్నిచోట్లా నామినీ పెట్టాను. నామినీ ఉంటే ఇంక వీలునామా ఎందుకు? డబ్బు వాళ్లకే వెళ్తుంది కదా?

———

పాత_దస్తావేజు (తెనాలి)

కృష్ణాతీరం అమ్మా, మీ కష్టం చదివి మనసు బాధపడింది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా 34 ఏళ్లు దస్తావేజులు రాసినవాణ్ణి. మీలాంటి కేసులు ఎన్ని చూశానో లెక్కలేదు. హిందూ వారసత్వ చట్టం 1956లో వచ్చింది. మగమనిషి వీలునామా లేకుండా పోతే మొదటి వరసలో కొడుకులు, కూతుళ్లు, భార్య, తల్లి సమానంగా వస్తారు. తండ్రి ఆ వరసలో ఉండడు, రెండో వరసలో ఉంటాడు. ఈ రెండు సంగతులూ విని ఆశ్చర్యపోనివాళ్లు నాకు తగల్లేదు. చట్టం తల్లికి వాటా ఇవ్వడం న్యాయమే. కొడుకు పోయిన ముసలితల్లిని రోడ్డున పడేయకూడదు కదా. అయితే ఏ ఇంటికి ఏది సరిపోతుందో చట్టానికి తెలియదు. ఇంటి యజమానికి తెలుస్తుంది. అది ఆయనే రాసి పెట్టాలి.

చిన్నోడు బాబూ, నామినీ గురించి బాగా అడిగావు. నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషి. అసలు హక్కుదారులు వారసులు. 1983 డిసెంబరులో ఇన్సూరెన్స్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది, షేర్ల విషయంలో 2023 డిసెంబరులో మళ్లీ చెప్పింది. ఇన్సూరెన్స్‌లో మాత్రం 2015 సవరణతో కొంత మారింది. తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే ఆ సొమ్ము మీద హక్కు కూడా వాళ్లదే అని చేర్చారు. బ్యాంకు డిపాజిట్‌కి అలా లేదు. నువ్వు అమ్మను నామినీగా పెట్టావనుకో, బ్యాంకు ఆవిడకి డబ్బిచ్చి చేతులు దులుపుకుంటుంది. తర్వాత నీ భార్య వచ్చి నా వాటా ఏదని అడగొచ్చు. నామినీ పేరూ వీలునామాలో పేరూ ఒకటే ఉంటే ఏ గొడవా లేదు. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకి నలుగురు నామినీల దాకా పెట్టుకోవచ్చు. అది కూడా చూసుకో. పెళ్లయింది కాబట్టి పీఎఫ్‌లో కొత్తగా నామినేషన్ వెయ్యి. ముందు ఆ పని చెయ్యి నాయనా, తర్వాత మిగతావి మాట్లాడుకుందాం.

———

చిన్నోడు_కూకట్‌పల్లి

బాబాయ్ గారూ, ఇప్పుడే పీఎఫ్ తెరిచి చూశాను. పెళ్లికి ముందు పెట్టిందే ఉంది. ఈ రాత్రికే మారుస్తాను. వీలునామా రాయాలంటే ఏమేం కావాలి? స్టాంపు పేపర్ కొనాలా?

———

పాత_దస్తావేజు (తెనాలి)

స్టాంపు పేపర్ అక్కర్లేదు. వీలునామాకి స్టాంపు డ్యూటీయే లేదు. తెల్లకాగితం, పెన్ను చాలు. తెలుగులో రాసుకో, నీకు అర్థమయ్యే మాటల్లో. 18 నిండి, మతి స్థిమితం ఉంటే ఎవరైనా రాయొచ్చు. అసలైనది సాక్షుల విషయం. నువ్వు సంతకం పెడుతుండగా కనీసం ఇద్దరు చూడాలి, నీ ఎదుట వాళ్లు సంతకం పెట్టాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. రాసి, సంతకం పెట్టి, బీరువాలో పెట్టేస్తారు. సాక్షులు లేకపోతే అది ఉత్తి ఉత్తరం. ఆస్తి దక్కేవాళ్లని సాక్షులుగా పెట్టొద్దు, అనుమానానికి మనమే తలుపు తీసినట్టవుతుంది.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా చేయించుకోమనే చెబుతాను. ఇంట్లో కాగితం పోవచ్చు, చెదలు పట్టొచ్చు, చించేయొచ్చు. రిజిస్ట్రేషన్ చేస్తే నకలు ఆఫీసులో ఉంటుంది. ఎవరికీ తెలియకూడదనుకుంటే కవర్లో పెట్టి సీలు వేసి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాచుకునే వీలు కూడా 1908 రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. ఇది తెలిసినవాళ్లు బహు తక్కువ. ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, ఆఖరున రాసిందే చెల్లుతుంది. ముందుది రిజిస్టరైనా, తర్వాతది తెల్లకాగితమైనా సరే.

క్రైస్తవ కుటుంబాలవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. మీకు పెళ్లికి ముందు రాసిన వీలునామా పెళ్లితో రద్దవుతుంది. కొత్తది రాసుకోవాలి.

———

వైజాగ్_చిన్నమ్మాయి

అందరూ వీలునామా రాయండి రాయండి అంటున్నారు. నాకు ఆ మాట వింటేనే కడుపు మండుతుంది, క్షమించండి. మా నాన్న ముప్పై ఏళ్లు గుమాస్తాగా పనిచేశారు. సంతకం ముత్యాల్లా ఉండేది. ఆయన పోయిన పదకొండో రోజున మా అన్న ఒక వీలునామా బయటికి తీశాడు. దాని మీద వేలిముద్ర! తేదీ చూస్తే నాన్న ఐసీయూలో ఉన్న రోజు. సాక్షులిద్దరూ అన్న స్నేహితులు. అమ్మ పేరు లేదు, నా పేరు లేదు. "నీ పెళ్లికి బంగారం పెట్టాం కదా" అన్నాడు. వీలునామా అనేది లేకపోతే చట్టప్రకారం నాకూ అమ్మకీ వాటా వచ్చేది. అది రావడం వల్లే పోయింది. మీరంతా ఆడపిల్లల వైపు నుంచి కూడా ఆలోచించండి.

———

పాత_దస్తావేజు (తెనాలి)

తల్లీ, నీ కోపం న్యాయమైంది. ఈ పాపపు పనులు జరుగుతాయి. నా బల్ల ముందుకు కూడా తెచ్చారు, నేను రాయనని పంపించేశాను. కానీ ఒక మాట విను. వీలునామా బయటికి రాగానే చెల్లిపోదు. అది నిజమని చూపించాల్సిన భారం దాన్ని తెచ్చినవాడిదే. సాక్షుల్లో ఒకడైనా కోర్టుకొచ్చి బోనెక్కి చెప్పాలి. అనుమానం కలిగించే పరిస్థితులుంటే, అంటే రాసినవాడు జబ్బులో ఉండటం, లాభపడేవాడే దగ్గరుండి రాయించడం, భార్యని కారణం లేకుండా వదిలేయడం, వాటన్నిటికీ వాడే సమాధానం చెప్పుకోవాలి. సుప్రీంకోర్టు 1950ల చివర్లోనే ఈ సూత్రం చెప్పింది, ఇప్పటికీ అదే నడుస్తోంది. జీవితమంతా సంతకం పెట్టిన మనిషి వేలిముద్ర ఎందుకు వేశాడన్నది చాలా పెద్ద ప్రశ్న. ఆసుపత్రి రికార్డులు ఇప్పుడే తీసి పెట్టుకో.

ఇంకో సంగతి. ఆ ఆస్తిలో పిత్రార్జితం ఏమైనా ఉందా? ఉంటే మీ నాన్న తన వాటా వరకే వీలునామా రాయగలడు, నీ వాటా రాసే హక్కు ఆయనకీ లేదు. మన ఉమ్మడి రాష్ట్రంలో ఎన్.టి.రామారావు గారి ప్రభుత్వం చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి పెళ్లికాని ఆడపిల్లలకి పుట్టుకతో వాటా ఇచ్చింది. 2005లో కేంద్ర చట్టం పెళ్లయినవాళ్లకీ ఇచ్చింది. తండ్రి 2005కి ముందే పోయినా కూతురి హక్కు పోదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. మంచి సివిల్ లాయర్ని కలువు. ఆలస్యం చెయ్యకు.

———

వైజాగ్_చిన్నమ్మాయి

ఆసుపత్రి కాగితాలు అమ్మ దగ్గర ఉన్నాయండి, డిశ్చార్జి సమ్మరీతో సహా. ఇన్నాళ్లూ చూడ్డానికి ధైర్యం చాలక తీయలేదు. సోమవారం లాయర్ గారి దగ్గరికి వెళ్తున్నాం.

———

టీచరమ్మ_కరీంనగర్

ఆడవాళ్ల గురించి చర్చ వచ్చింది కాబట్టి నేనొకటి చెప్పాలి. ఆడవాళ్లు కూడా వీలునామా రాసుకోవాలి. మనకి ఇంకా ఎక్కువ అవసరం.

మగవాళ్లు పోతే ఆస్తి ఎవరికి వెళ్తుందో పైన దస్తావేజు గారు చెప్పారు. హిందూ స్త్రీ పోతే వేరే లెక్క, అదే చట్టంలో 15వ సెక్షన్. ముందు పిల్లలు, భర్త. వాళ్లు లేకపోతే భర్త వారసులు. వాళ్లు కూడా లేకపోతేనే కన్న తల్లిదండ్రులు. పుట్టింటి నుంచి వచ్చిన ఆస్తయితే, పిల్లలు లేనప్పుడు, తండ్రి వైపుకి తిరిగి వెళ్తుంది, కానీ సొంతంగా సంపాదించుకున్నదానికి ఆ రక్షణ లేదు. 2009లో సుప్రీంకోర్టుకి ఒక కేసు వచ్చింది. పెళ్లయిన మూడు నెలలకే భర్త పోతే అత్తింటివాళ్లు ఆ అమ్మాయిని బయటికి పంపేశారు. పుట్టింటివాళ్లు చదివించారు, ఉద్యోగం చేసి సంపాదించుకుంది, వీలునామా రాయకుండా పోయింది. ఆ సంపాదన తల్లికి రాలేదు. చట్టం అలా ఉందంటూ, గెంటేసిన అత్తింటివాళ్ల వైపుకే వెళ్లింది. ఆ తీర్పు మా స్టాఫ్‌రూమ్‌లో చదివి వినిపిస్తే అందరం కాసేపు మాట్లాడుకోలేకపోయాం.

నాకు పిల్లలు లేరు, ఆయన పోయి ఆరేళ్లు. నా జీతంతో కట్టుకున్న ఇల్లు ఉంది. చూసుకునేది మా చెల్లెలు, దాని కూతురు. నేను రాయకపోతే ఇల్లు వాళ్లకి రాదు. మా మరుదులు చెడ్డవాళ్లేం కాదు, కానీ ఆ ఇంటికోసం ఒక్క ఇటుక మోసినవాళ్లు కాదు. 2023 వేసవి సెలవుల్లో రాసి రిజిస్టర్ చేయించాను. 2025 నవంబరులో సుప్రీంకోర్టు కూడా ఇలాంటి గొడవలు రాకుండా ఆడవాళ్లంతా వీలునామా రాసుకోవాలని చెప్పింది. పేపర్లో చదివి కత్తిరించి దాచుకున్నాను.

కృష్ణాతీరం చెల్లీ, నీ పావు వాటాకి నువ్వు వీలునామా రాశావా?

———

కృష్ణాతీరం (విజయవాడ)

లేదక్కా. ఆయన రాయలేదని ఏడుస్తున్నాను గానీ నేను కూడా రాయలేదు. మీరు అడిగేదాకా నాకు తోచనేలేదు.

———

డల్లాస్_పాలమూరు

ఇది మా తెలుగు వాట్సాప్ గ్రూపులన్నిటిలోనూ పంపించాల్సిన చర్చ. మాకు 7, 4 ఏళ్ల పిల్లలు. ఇద్దరం ఉద్యోగాలు, ఒకే కారులో వెళ్తాం. మూడేళ్ల కింద మా ఊరివాళ్లకి హైవే మీద యాక్సిడెంట్ అయింది. దేవుడి దయవల్ల బతికారు. ఆ రాత్రి మా ఆవిడ అడిగింది: "మనిద్దరం పోతే వీళ్లని ఎవరు తీసుకెళ్తారు?" ఆస్తి సంగతి అప్పుడు గుర్తుకే రాలేదు.

ఇక్కడ అమెరికాలో తల్లిదండ్రులిద్దరూ పోతే పిల్లలు ఎవరి దగ్గర పెరగాలో కోర్టు నిర్ణయిస్తుంది. వీలునామాలో గార్డియన్ పేరు రాస్తే కోర్టు దానికి చాలా విలువిస్తుంది. మేం న్యూజెర్సీలో ఉన్న మా తమ్ముణ్ణి రాశాం. అతను వచ్చేదాకా ఒకట్రెండు రోజులు పిల్లల్ని ఉంచుకోవడానికి పక్కవీధి స్నేహితులకి కూడా కాగితం రాసిచ్చాం. మహబూబ్‌నగర్ నుంచి అమ్మ వీసా తీసుకుని వచ్చేసరికి ఎన్నాళ్లు పడుతుందో ఆలోచించండి.

ఇల్లు ఉన్నవాళ్లు ఇక్కడ లివింగ్ ట్రస్ట్ పెట్టుకుంటారు. బతికున్నంతకాలం మన చేతిలోనే ఉంటుంది, పోయాక ప్రొబేట్ (వీలునామాని కోర్టులో రుజువు చేసుకునే పని) లేకుండా పిల్లలకి వెళ్తుంది. ట్రస్ట్ రాసి ఊరుకుంటే మాత్రం పనికిరాదు, ఇంటి టైటిల్ ట్రస్ట్ పేరుకి మార్చాలి. మా ఫ్రెండ్ ఆ ఒక్క పనీ మర్చిపోయాడు. రిటైర్మెంట్ ఖాతాలు ట్రస్ట్‌తో సంబంధం లేకుండా బెనిఫిషియరీగా రాసినవాళ్లకే వెళ్తాయి. పెళ్లికి ముందు రాసిన పేర్లు ఒకసారి చూసుకోండి.

మనవాళ్లకి తెలియని ఇంకో సంగతి. అమెరికాలో స్థిరనివాసం లేని విదేశీయుడు పోతే ఇక్కడి ఆస్తిలో ఎస్టేట్ టాక్స్ (పోయినవాళ్ల ఆస్తి మీద పన్ను) మినహాయింపు 60,000 డాలర్లే. పౌరులకి కోట్ల డాలర్లలో ఉంటుంది. ఇక్కడ షేర్లు, ఇల్లు పెట్టుకుని ఇండియాకి తిరిగి వెళ్లిపోయినవాళ్లు ఒకసారి నిపుణులతో మాట్లాడండి. వీసా మీద ఇక్కడే ఉంటున్నవాళ్లు దేని కిందికి వస్తారన్నది మనిషి పరిస్థితిని బట్టి ఉంటుంది. ఇండియాలో ఎస్టేట్ డ్యూటీ 1985లోనే ఎత్తేశారు కాబట్టి మన పెద్దవాళ్లకి ఇది వింతగా ఉంటుంది.

ఊళ్లో ప్లాటుకి విడిగా ఇండియా వీలునామా రాశాను. రెండు వీలునామాలు రాసేవాళ్లు జాగ్రత్త. రెండోదాంట్లో "ఇంతకుముందు రాసినవన్నీ రద్దు" అని అలవాటుగా ఒక వాక్యం పెడతారు. ఆ వాక్యం ఇండియాదాన్ని కొట్టేస్తుంది. "అమెరికా ఆస్తులకి మాత్రమే" అని రాయించుకోండి.

———

రాయచోటి_మిత్రుడు

మా ముస్లింలకి వేరు. వసీయత్ (వీలునామా) రాయొచ్చు గానీ అప్పులు, అంత్యక్రియల ఖర్చు పోగా మిగిలినదాంట్లో మూడో వంతు వరకే. మిగతాది షరియత్ ప్రకారం వారసులకే. వారసుల్లో ఒకరికే ఆ మూడో వంతు రాయాలన్నా మిగతావాళ్లు ఒప్పుకోవాలి. అందుకే మా నాన్న బతికుండగానే చెల్లెలికి షాపు హిబా (దానం) చేసి తాళాలు చేతికిచ్చారు. స్వాధీనం ఇవ్వకపోతే హిబా పూర్తవదు.

———

రిటైర్డ్_మాస్టారు_నంద్యాల

బతికుండగానే ఇవ్వడం గురించి ఒకాయన రాశారు. ఆయన పరిస్థితి వేరు. నా విషయం చెబుతాను, చదివేవాళ్లలో నా వయసువాళ్లుంటే కాస్త ఆగి ఆలోచిస్తారు.

2019లో నా భార్య పోయింది. దినవారాలయ్యాక అబ్బాయి "నాన్నా, తర్వాత తిరగడం కష్టం, ఇప్పుడే రాసేస్తే పనైపోతుంది" అన్నాడు. ఇల్లు వాడి పేరున గిఫ్ట్ సెటిల్‌మెంట్ చేశాను. ముప్పై రెండేళ్ల జీతంతో కట్టిన ఇల్లు. రెండేళ్లకి మేడమీద గదికి మార్చారు, తర్వాత వెనక రేకుల షెడ్డుకి. ఇప్పుడు కూతురి దగ్గర ఉంటున్నాను.

2007 నాటి వృద్ధుల సంరక్షణ చట్టం కింద ఆర్డీవో గారి దగ్గర పిటిషన్ వేశాను. చూసుకుంటామనే షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే, రద్దు చేసే అధికారం 23వ సెక్షన్‌లో ఉంది. నా దస్తావేజులో ఆ షరతు లేదు, "ప్రేమాభిమానాలతో" అని మాత్రమే ఉంది. ఆ షరతు ఉన్నట్టు చూపాలని 2022లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. 2025 జనవరిలో ఇంకో తీర్పులో, ఈ చట్టం పెద్దవాళ్ల కోసం వచ్చింది కాబట్టి వాళ్లకి మేలు జరిగేలా చదవాలంది. నా లాయరు గారు దాని మీద ఆశ పెట్టుకున్నారు. విచారణ జరుగుతోంది.

వీలునామా అయితే నేను పోయాకే అమల్లోకి వస్తుంది. అప్పటిదాకా ఇల్లు నాది, మనసు మారితే మార్చుకోవచ్చు. గిఫ్ట్ ఇచ్చిన రోజే పోతుంది. ఈ తేడా నాకు ఆనాడు ఎవరూ చెప్పలేదు. ఇవ్వక తప్పదనుకుంటే "నేను జీవించినంతకాలం అనుభవించే హక్కు నాదే, నా పోషణ వాడిదే" అని స్పష్టంగా రాయించుకోండి.

———

పాత_దస్తావేజు (తెనాలి)

మాస్టారూ, నమస్కారం. మీ మాట ప్రతి డాక్యుమెంట్ రైటరూ గోడమీద రాసి పెట్టుకోవాలి. గిఫ్ట్ రాయించుకోవడానికి వచ్చే పెద్దవాళ్లని పక్కకి పిలిచి అడగడం మా బాధ్యత. మేం అందరం ఆ పని చేయలేదు.

———

నల్గొండ_రైతుబిడ్డ

భూమి సంగతి ఎవరూ చెప్పలేదు. మా నాయినకి నాలుగు ఎకరాలు. 2021లో పోయిండు, 56 ఏళ్లు. రైతుబీమా 5 లక్షలు నామినీ అమ్మకి వచ్చినయి. 59 దాటినోళ్లకి అదీ లేదు. భూమికి మాత్రం వీలునామా లేదు. విరాసత్ (భూమి వారసుల పేరు మీదికి మార్పు) చేయించుకుందామంటే ఇంట్లో అందరం ఒక్క మాట మీదికి వచ్చి తహసీల్దార్ ముందు చెప్పాల్సి వచ్చింది. మా అన్న ముంబైలో, రెండేళ్లు రాలేదు. పాస్‌బుక్ నాయిన పేరు మీదనే ఉండిపోయింది. బ్యాంకు క్రాప్ లోన్ రెన్యువల్ చేయలేదు, పెట్టుబడి సాయం ఆగింది. ధరణి పోయి 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. పోర్టల్ ఏదైనా ఇంట్లో మాట కుదరకపోతే పని కాదు. అన్న వచ్చినంక పోయిన దసరా తర్వాతే అయింది.

———

అమ్ములు_నాన్న (వరంగల్)

ట్రస్ట్ అంటే గుడి ట్రస్టులు, పెద్ద కంపెనీవాళ్ల ట్రస్టులు అనుకుంటారు. నేను ఒక్క జీతం మీద బతికే ఉద్యోగిని, మా అమ్ములు కోసం ట్రస్ట్ పెట్టాను. ఎలా పెట్టానో కాస్త వివరంగా రాస్తాను, అవసరమున్న తల్లిదండ్రులు ఇక్కడ ఉండే ఉంటారు.

అమ్ములుకి 22. సెరిబ్రల్ పాల్సీ. మాట రాదు, అన్నీ అర్థమవుతాయి. ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎత్తుకుని తీసుకెళ్లాలి. ఇన్నేళ్లూ నేనూ నా భార్యా మాకంటే ముందు అది పోవాలని దేవుణ్ణి కోరుకునే స్థితిలో ఉన్నాం. ఏ తల్లీ తండ్రీ అలా కోరుకోకూడదు. ఆ కోరిక మానేయడానికే ఈ పని మొదలుపెట్టాను.

అమ్ములు పేరున వీలునామా రాస్తే ఆస్తి దాని పేరు మీదికి వస్తుంది గానీ అది బ్యాంకుకి వెళ్లలేదు, సంతకం పెట్టలేదు. కొడుకు పేరున రాసి "చెల్లెల్ని చూసుకో" అంటే, వాడు బంగారమే, కానీ రేపు వాడికి అప్పులైతే, వాడే పోతే? ట్రస్ట్‌లో ఆస్తి ట్రస్టీల చేతిలో ఉంటుంది, దాన్ని అమ్ములు కోసమే వాడాలి. 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ చట్టం కింద ట్రస్ట్ డీడ్ రాయించాం. ఇల్లు కూడా పెడుతున్నాం కాబట్టి రిజిస్ట్రేషన్ తప్పదు. మేం ఉన్నంతకాలం మేమే ట్రస్టీలం. తర్వాత మా అక్క కొడుకు, నాతోపాటు చదువుకున్న ఒక ఆడిటర్ స్నేహితుడు. ఒకరు తప్పుకుంటే ఇంకొకరు ఎలా రావాలో డీడ్‌లోనే ఉంది. ఆయా జీతం, మందులు, ఫిజియోథెరపీ, ఇంటి రిపేరు, వీటికి ఖర్చు పెట్టాలని ఉంది. అమ్ములు తర్వాత మిగిలింది కొడుక్కి.

18 దాటాక ఇలాంటి పిల్లలకి తల్లిదండ్రులం కూడా దానంతట అదే గార్డియన్లం కాము. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ గారి ఆధ్వర్యంలో లోకల్ లెవెల్ కమిటీ ఉంటుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలున్నవాళ్లకి అక్కడ లీగల్ గార్డియన్ సర్టిఫికెట్ ఇస్తారు. పిల్ల 18కి రాగానే అప్లై చేయండి, మేం మూడేళ్లు ఆలస్యం చేశాం.

ఇన్సూరెన్స్ ఏజెంట్లు కూడా పెద్దగా చెప్పని ఇంకో మార్గం ఉంది. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం. కొత్త పాలసీ తీసుకునేటప్పుడే ఆ చట్టం కింద భార్య పేరు, పిల్లల పేరు రాస్తే ఆ పాలసీయే వాళ్లకోసం ఒక ట్రస్ట్ అవుతుంది. నా అప్పులవాళ్లు దాన్ని ముట్టుకోలేరు. తీసుకున్నాక మార్చడం కుదరదు, మొదట్లోనే ఫారం నింపాలి. వ్యాపారం చేసేవాళ్లు తప్పక చూడండి.

ఇవన్నీ అయ్యాక నా భార్య ఒక నోటుబుక్కు మొదలుపెట్టింది. పెరుగన్నం ఎంత మెత్తగా కలపాలి, ఎడమవైపు పడుకోబెడితేనే నిద్రపోతుంది, ఉరుము వస్తే చెయ్యి పట్టుకోవాలి, కోపం వస్తే కిటికీ దగ్గర కూర్చోబెట్టాలి. డీడ్‌కి దాన్ని జతచేయలేదు గానీ ట్రస్టీలిద్దరికీ జిరాక్స్ ఇచ్చాం. ఇప్పుడు రాత్రిళ్లు కాస్త నిద్రపడుతోంది.

———

టీచరమ్మ_కరీంనగర్

అమ్ములు నాన్న గారూ, ఆ నోటుబుక్కు గురించి చదివి కళ్లు తుడుచుకున్నాను. అమ్ములుకి నా ఆశీస్సులు.

———

భీమవరం_కోడలు

పెద్దవాళ్లతో ఈ మాట ఎలా ఎత్తాలో అని చాలామంది ఆగిపోతారు. నేను మావయ్య గారిని వీలునామా అని అడగలేదు. "మావయ్యా, మీ బ్యాంకులు, చేపల చెరువు లీజు కాగితాలు, లాకరు, అన్నీ నాకొక పుస్తకంలో రాసిపెట్టండి, మీకు ఆరోగ్యం బాగోనప్పుడు ఎవరిని అడగాలో తెలియట్లేదు" అన్నాను. మూడు ఆదివారాలు కూర్చుని రాశారు. రాస్తూ రాస్తూ ఆయనే "ఇది చిన్నదానికి ఇవ్వాలమ్మా" అని మొదలుపెట్టారు. వీలునామా అలా తయారైంది.

ఆ పుస్తకం వల్ల ఆయనకే గుర్తులేని ఒక పాత డిపాజిట్ బయటపడింది. పదేళ్లు ఎవరూ కదపని ఖాతాల డబ్బు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్లిపోతుంది, మన సొమ్ము పోదు గానీ అడిగి తెచ్చుకోవాలి. అందుకోసం రిజర్వు బ్యాంకు 2023లో పెట్టిన ఉద్గమ్ పోర్టల్‌లో పేరు కొట్టి వెతికాం. మీ నాన్న, తాతల పేర్లతో కూడా వెతకండి.

———

ఐసీయూ_నర్సు (హైదరాబాద్)

డ్యూటీ నుంచి వచ్చి రాస్తున్నాను. మనిషి పోయాక సంగతులు అందరూ చెప్పారు. పోకముందు, స్పృహలేక ఉన్నప్పటి సంగతి నేను చెబుతాను. ఆయన ఖాతాలో డబ్బుంటుంది, భార్య అప్పు తెచ్చి బిల్లు కడుతుంటుంది. ఇది వారానికొకసారైనా చూస్తాను. ఒక ఖాతా అయినా "ఇద్దరిలో ఎవరైనా" అనే పద్ధతిలో జాయింట్‌గా ఉంచుకోండి. పవర్ ఆఫ్ అటార్నీ ఉంది కదా అనుకోవద్దు, మనిషి పోయిన క్షణం అది చెల్లదు.

కోలుకునే ఆశ లేనప్పుడు వెంటిలేటర్ మీద ఉంచాలా వద్దా అన్నది కూడా ముందే రాసిపెట్టొచ్చు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు ఒప్పుకుంది, 2023 జనవరిలో పద్ధతి తేలిక చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసర్ గానీ చాలు. నా కోసం నేను రాసుకున్నాను. ఆ నిర్ణయం మా పిల్లల నెత్తిన పడకూడదని.

———

కృష్ణాతీరం (విజయవాడ), 2026 ఫిబ్రవరి 22

ఆరు వారాల తర్వాత మళ్లీ వచ్చాను. మీ అందరికీ చెప్పాలి.

ఈ చర్చ మొత్తం మా ఆడపడుచుకి పంపించాను. ఏమీ రాయలేదు, ఊరికే పంపాను. మర్నాడు ఫోన్ చేసి ఏడ్చింది. టీచరమ్మ గారు రాసింది వాళ్లాయనకి చదివి వినిపించిందట. పోయిన బుధవారం వచ్చి తన వాటా వదులుకుంటూ పిల్లల పేరున రిలీజ్ డీడ్ రాసిచ్చింది. చీరా సారె పెట్టి పంపాను. బావగారు మస్కట్‌లో ఇండియన్ ఎంబసీలో పవర్ ఆఫ్ అటార్నీ అటెస్ట్ చేయించి పంపుతున్నారు. ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు డ్యూటీ కట్టించాలని దస్తావేజు గారు మెసేజ్‌లో చెప్పారు, రాసిపెట్టుకున్నాను. బాబు వాటాకి కోర్టులో పిటిషన్ వేశాం. అది ఎప్పటికవుతుందో చూడాలి.

నా వీలునామా రాశాను. పేజీన్నర వచ్చింది. నా తర్వాత బాబు మైనరుగా ఉంటే మా అన్నయ్య గార్డియన్ అని, పాపకి చదువయ్యేదాకా ఫీజులు ముందు అని రాశాను. అత్తయ్య నాకిచ్చిన కాసుల పేరు పాపకి అని కూడా. రాస్తుంటే చెయ్యి వణికింది, అయినా పూర్తిచేశాను.

ఒక్కటే డౌట్. ఒక సాక్షిగా మా పక్కింటి సుబ్బారావు బాబాయ్ గారిని అడిగాను, సరేనన్నారు. ఆయనకి 78. పర్వాలేదా?

———

పాత_దస్తావేజు (తెనాలి)

చాలా సంతోషం అమ్మా. చట్టప్రకారం ఆయన సాక్షి అవ్వొచ్చు. కానీ మీకు 45 కూడా లేవు. ఎప్పుడో ముప్పై ఏళ్ల తర్వాత కోర్టుకొచ్చి "నా ఎదుటే సంతకం పెట్టింది" అని చెప్పేవాళ్లు కావాలి. మీకంటే చిన్నవాళ్లని ఇద్దర్ని చూసుకోండి. వాళ్ల పూర్తి పేరు, తండ్రి పేరు, అడ్రసు కూడా రాయించండి.

———

కృష్ణాతీరం (విజయవాడ)

మా వీధి చివర మందుల షాపు అబ్బాయి, పాప ట్యూషన్ మేడం. ఇద్దరూ ముప్పై లోపే. రేపు సాయంత్రం పిలుస్తాను.